నాడీకణాలను కాపాడే సహజ యాంటీఆక్సిడెంట్లు: ఎవరికి ఏది, ఎవరికి ఏదీ వద్దు

కర్క్యుమిన్, రెస్వెరట్రాల్, గ్రీన్ టీ సారం, విటమిన్ ఇ, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, కోఎంజైమ్ క్యూ10. ఏ డబ్బా తిప్పి చూసినా వెనక రాసే మాటలు దాదాపు ఒకటే: శక్తివంతమైన యాంటీఆక్సిడెంట్, నాడీకణాలకు రక్షణ. ఆ మాటల్లో పెద్ద అబద్ధం కూడా లేదు. ల్యాబ్‌లో పెంచిన నాడీకణాలకు విషం పెట్టి, దాంతోపాటు వీటిలో దేన్ని కలిపినా చచ్చే కణాల సంఖ్య ఎంతో కొంత తగ్గుతుంది. అందరూ పాసయ్యే పరీక్ష పెట్టి ఫస్ట్ ఎవరో తేల్చలేం కదా.

తేడా తెలియాలంటే వేరే ప్రశ్నలు అడగాలి. దెబ్బతిన్నది ఏ నరం? దేనివల్ల? మింగిన మందు అక్కడిదాకా చేరుతుందా? చేరి, మనుషులకు మేలు చేసినట్టు తేలిందా? ఇలా అడుగుతూ పోతే జాబితా చాలా చిన్నదవుతుంది. నా లెక్కలో చివరికి మిగిలేవి రెండే. అవి కూడా అందరికీ కాదు.

## నాడీకణం ఎందుకంత సున్నితం

శరీరం బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఆ ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల నుంచి సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం కొంత బయటికి జారుతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. దగ్గర్లో విడిగా ఇనుము ఉంటే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఇది చేతికి దొరికిన ప్రతి అణువునూ కరిచేసే రకం. నాడీకణాల పొరల్లో డీహెచ్‌ఏ లాంటి సులభంగా ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కాటలేజ్ ఎంజైము మాత్రం మెదడులో తక్కువ. పైగా నాడీకణాలు చాలావరకు మళ్లీ విభజన చెందవు, పోయింది పోయినట్టే.

చావు కూడా ఒకే దారిలో రాదు. కణం తనను తాను క్రమపద్ధతిలో ముగించుకునేది అపోప్టోసిస్. నాడీకణాలు సంకేతాలు పంపుకునే గ్లుటామేట్ అనే రసాయనం మోతాదు మించి, కాల్షియం లోపలికి వరదలా వచ్చి చంపేది ఇంకో రకం. ఇనుము వల్ల పొరల్లోని కొవ్వులు గొలుసుకట్టుగా ఆక్సీకరణ చెంది కణం పోయేదానికి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. విటమిన్ ఇ ఈ మూడో దారిలో బాగా అడ్డుపడుతుంది, ఎందుకంటే అది పొరల్లోనే నివసిస్తుంది. గ్లుటామేట్ వరద మొదలయ్యాక దాన్ని ఆపడం దానివల్ల అయ్యే పని కాదు.

## ఎంచుకోవడానికి కొలతలు

ముందు, పనికిరాని కొలత ఒకటి చెప్పాలి. కొన్ని ఉత్పత్తుల మీద ఓఆర్‌ఏసీ అని ఒక స్కోరు వేస్తారు. పరీక్షనాళికలో రాడికల్స్‌ను ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకె అది. అమెరికా వ్యవసాయ శాఖ తన దగ్గరున్న ఓఆర్‌ఏసీ పట్టికను 2012లో వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం తేలలేదని, అయినా అమ్మకాల కోసం దుర్వినియోగం అవుతున్నాయని కారణం చెప్పింది. ఆ స్కోరు చూసి కొంటున్నవారు ఇక్కడితో ఆపేయొచ్చు.

పనికొచ్చే కొలతల్లో మొదటిది చేరడం. మొక్కల నుంచి వచ్చే పాలీఫినాల్స్‌ను మన పేగులు, లివర్ పరాయి పదార్థాల్లాగే చూస్తాయి. వెంటనే వేరే రూపాల్లోకి మార్చి బయటికి పంపేస్తాయి. మిగిలిన కాస్త రక్తం నుంచి మెదడుకు వెళ్లాలంటే, మధ్యలో ఉన్న కట్టుదిట్టమైన గోడ దాటాలి. చేతులు, కాళ్ల నరాలకు ఈ గోడ అంత గట్టిగా ఉండదు. అందుకే మెదడుకు పనికిరానిది కాళ్ల నరాలకు కొంత పనికిరావచ్చు.

రెండోది పనిచేసే తీరు. నాడీకణంలో విటమిన్ సి, కణం సొంత యాంటీఆక్సిడెంట్ అయిన గ్లుటాథియోన్ మిల్లీమోలార్ స్థాయిలో, అంటే చాలా ఎక్కువగా ఉంటాయి. మింగిన పాలీఫినాల్ మెదడులో ఎప్పుడైనా అందుకునే స్థాయి దానికి వేల రెట్లు తక్కువ. అంత కొద్ది పదార్థం నేరుగా రాడికల్స్‌ను పట్టుకుని మింగేసి కణాన్ని కాపాడుతుందనడం లెక్కకు నిలవదు. అది నిజంగా ఏమైనా చేస్తే వేరే దారిలో చేయాలి. ఆ దారి ఉంది. కణంలో కీప్1 అనే ప్రొటీన్ ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుని ఉంచుతుంది. బ్రకోలీ నుంచి వచ్చే సల్ఫొరాఫేన్ లాంటివి కీప్1ను కదిలిస్తే ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, గ్లుటాథియోన్ తయారీ సహా రక్షణ జన్యువులను ఆన్ చేస్తుంది. అంటే మందు చేసే పని కణానికి చిన్న చిరాకు కలిగించి దాని సొంత రక్షణను లేపడం. యాంటీఆక్సిడెంట్ అని పేరు పెట్టుకున్నవాటిలో చాలావాటి అసలు పని ఇదే. ఎక్కువ మోతాదు ఎందుకు మంచిది కాదో కూడా ఇక్కడే అర్థమవుతుంది, ఎందుకంటే చిరాకు మితిమీరితే అది దెబ్బే.

మూడోది మనుషుల మీద ఫలితం. ఇక్కడ మినహాయింపులు ఇవ్వొద్దు. ఎలుకలు కాదు, మనుషులు. ముందు-తర్వాత పోలిక కాదు, ఉత్తుత్తి మాత్రతో పోలిక. ఒక ఉదాహరణ చూడండి. ఎన్ఎక్స్‌వై-059 అనే, ల్యాబ్‌లో తయారైన రాడికల్ పట్టే మందు పక్షవాతం మీద జంతువుల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల్లో మొదటి పెద్ద పరీక్ష ఫలితం 2006లో వచ్చింది, ఆశ పుట్టింది. మూడు వేల మందికి పైగా పాల్గొన్న రెండో పరీక్ష ఫలితం 2007లో వచ్చింది, ఏ మేలూ లేదు. మొక్కల నుంచి వచ్చినవాటికి ఇంతకంటే సులువైన పరీక్ష పెట్టాల్సిన పనేమీ లేదు.

నాలుగోది నష్టం. లివర్, రక్తస్రావం, వాడుతున్న మందులతో గొడవ. సహజం అన్న మాట ఈ నాలుగో కొలతలో ఏ సాయమూ చేయదు.

## ఒక్క చూపులో

| పదార్థం | నరాల దాకా చేరిక | మనుషుల్లో ఏం తేలింది | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|
| ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ | మోస్తరు, ఖాళీ కడుపున మెరుగు | షుగర్ నరాల బాధలో కొంత, వాదన నడుస్తోంది | షుగర్ పడిపోవడం, వికారం |
| విటమిన్ ఇ | చేరుతుంది, నెమ్మదిగా | తేలికపాటి, మధ్యస్థ అల్జీమర్స్‌లో రోజువారీ పనుల క్షీణత నెమ్మదించింది. నివారణలో సున్నా | రక్తస్రావం, ప్రొస్టేట్ క్యాన్సర్ |
| కర్క్యుమిన్ | చాలా తక్కువ | అల్జీమర్స్‌లో లేదు. ఆరోగ్యవంతుల్లో ఒక చిన్న ఆశ | లివర్ |
| రెస్వెరట్రాల్ | చాలా తక్కువ | రుజువు లేదు | కడుపు ఇబ్బందులు, బరువు తగ్గడం |
| ఈజీసీజీ (గ్రీన్ టీ) | తక్కువ | పరీక్షించిన చోట లేదు | సారం మాత్రలతో లివర్ |
| సల్ఫొరాఫేన్ | బాగానే | నాడీ క్షీణత జబ్బుల్లో ఇంకా రుజువు కావాలి | తయారీ సరిగా లేకపోతే మాత్రలో ఏమీ ఉండదు |
| కోఎంజైమ్ క్యూ10 | తక్కువ | పార్కిన్‌సన్స్, హంటింగ్టన్స్‌లో లేదు | వార్ఫరిన్ (రక్తం పలచబడే మందు) |
| జింకో (జింకో చెట్టు ఆకుల సారం) | కొన్ని భాగాలు | మతిమరుపు జబ్బు నివారణలో లేదు | రక్తం పలచబడే మందులు |

## ఆల్ఫా లిపోయిక్ యాసిడ్

మన మైటోకాండ్రియాలలోని కొన్ని ఎంజైములకు ఇది సహాయకారి. శరీరం కొద్దికొద్దిగా తనే తయారుచేసుకుంటుంది. నీటిలోనూ కొవ్వులోనూ కలిసే గుణం దీనికి ఉంది.

షుగర్ వల్ల కాళ్లలో వచ్చే మంటలు, తిమ్మిర్లు, పొడుపుల మీద దీన్ని పరీక్షించినంతగా మరే సహజ యాంటీఆక్సిడెంట్‌నూ పరీక్షించలేదు. జర్మనీలో దీన్ని ఈ బాధకు చాలా ఏళ్లుగా వాడుతున్నారు. 2006లో వచ్చిన సిడ్నీ 2 అనే పరీక్షలో 181 మందికి ఐదు వారాల పాటు రోజుకు 600, 1200 లేదా 1800 మి.గ్రా. ఇచ్చి, ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. మూడు మోతాదుల్లోనూ బాధలు తగ్గాయి. మోతాదు పెంచితే మేలు పెరగలేదు, వికారం మాత్రం పెరిగింది. 600 మి.గ్రా. అనే అంకె ఇంత ప్రచారంలోకి రావడానికి ఇదో కారణం.

తర్వాతి కథ అంత ఉత్సాహంగా లేదు. 460 మందిని నాలుగేళ్లు చూసిన నేథన్ 1 పరీక్షలో ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యం అందలేదు, కొన్ని ఉప కొలతల్లో మాత్రం మెరుగు కనిపించింది. 2024లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (వైద్య పరీక్షలను కలిపి తూచే సమీక్ష) కనీసం ఆరు నెలలు నడిచిన పరీక్షలనే లెక్కలోకి తీసుకుని, లక్షణాల మీద ప్రభావం ఉంటే అతి కొద్దిగా, లేదా అసలు ఉండకపోవచ్చు అంది. రెండూ కలిపి నేను చదివేది ఇలా: కొందరికి బాధ కొన్నాళ్లు తగ్గొచ్చు, నరాలు చావకుండా ఆపుతుందన్న మాట మాత్రం నిలబడలేదు.

సహజం అన్న పదం ఇక్కడ కాస్త నవ్వు తెప్పిస్తుంది. శరీరంలో ఉండేది ఆర్ రూపం మాత్రమే. పరీక్షల్లో వాడింది ల్యాబ్‌లో తయారైన ఆర్, ఎస్ సగం సగం మిశ్రమం. ఆర్ రూపం సహజం కదా అని దానికి ఎక్కువ డబ్బు పెడితే, పెద్ద పరీక్షల్లో వాడి చూడని సరుకుకు ఎక్కువ ఇచ్చినట్టు.

అన్నంతో, టిఫిన్‌తో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది, కాబట్టి ఖాళీ కడుపునే వేసుకోవాలి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారు మొదటి వారాల్లో రీడింగ్ తరచుగా చూసుకోవాలి. చాలా అరుదుగా, కొన్ని జన్యువులున్నవారిలో శరీరం ఇన్సులిన్‌కే ప్రతిదేహాలు తయారుచేసి షుగర్ ఒక్కసారిగా పడిపోయేలా చేస్తుంది. షుగర్ జబ్బు లేనివారిలో కూడా ఇది జరిగింది.

## విటమిన్ ఇ

ఒక జబ్బులో దీనికి సాటి లేదు. విటమిన్ ఇని లివర్ నుంచి రక్తంలోకి చేరవేసే ప్రొటీన్ జన్యువు పుట్టుకతోనే చెడిపోతే, పిల్లల్లో నడక తూలడం, నరాలు క్షీణించడం మొదలవుతాయి. దానికి పెద్ద మోతాదు విటమిన్ ఇ ఇస్తే క్షీణత ఆగుతుంది. యాంటీఆక్సిడెంట్ కొరత వల్ల నాడీకణాలు చస్తాయనీ, కొరత తీరిస్తే బతుకుతాయనీ మనుషుల్లో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ ఇదే. ఇక్కడ గమనించాల్సింది కొరత అన్న మాటను.

కొరత లేనివారి సంగతి వేరు. పార్కిన్‌సన్స్ మొదటి దశలో ఉన్న 800 మందితో నడిచిన డేటాటాప్ పరీక్ష పూర్తి ఫలితం 1993లో వచ్చింది. రోజుకు 2000 ఐ.యు. (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) ఇచ్చినా జబ్బు వేగం తగ్గలేదు. కొద్దిపాటి జ్ఞాపకశక్తి లోపం ఉన్న 769 మందిలో, 2005లో వచ్చిన ఫలితం ప్రకారం, అల్జీమర్స్‌గా ముదరకుండా ఆపలేదు. ఏడు వేలకు పైగా పెద్ద వయసు మగవారిని చాలా ఏళ్లు చూసిన ఇంకో పరీక్ష, 2017లో, మతిమరుపు జబ్బు నివారణలో కూడా సున్నా అని తేల్చింది.

అల్జీమర్స్ అప్పటికే వచ్చినవారిలో మాత్రం ఫలితం వేరుగా ఉంది. 613 మంది మాజీ సైనికులతో నడిచి, 2014లో ఫలితం వచ్చిన పరీక్షలో, రోజుకు 2000 ఐ.యు. తీసుకున్నవారిలో రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యం క్షీణించే వేగం ఏడాదికి 19 శాతం తగ్గింది. మొత్తం మీద ఆరు నెలలకు పైగా ఆలస్యం. చూసుకునేవారికి రోజుకు సుమారు రెండు గంటల పని తగ్గింది. జ్ఞాపకశక్తి కొలతల్లో మాత్రం తేడా లేదు. ఇంట్లో చూసుకునే మనిషి కోణం నుంచి చూస్తే ఇది చిన్న విషయం కాదు. బట్టలు తనే వేసుకోగలగడం, బాత్రూమ్‌కు తనే వెళ్లగలగడం మరో ఆరు నెలలు నిలిస్తే ఆ ఇంటి టెన్షన్ ఎంత తగ్గుతుందో వారినే అడగాలి.

దీనికి ఎదురుగా పెట్టాల్సినవి కూడా పెడదాం. మామూలు పెద్దవారికి రోజుకు కావలసింది 15 మి.గ్రా.; ఆ పరీక్షలో వాడింది పదుల రెట్లు. రోజుకు 400 ఐ.యు. చొప్పున ఇచ్చిన సెలెక్ట్ పరీక్షలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తెలిసింది. మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే పక్షవాతం ముప్పు పెరుగుతుందని 2010లో ఒక సమీక్ష చూపింది. కాబట్టి ఇది డాక్టర్‌తో కూర్చుని, రోగి వయసు, రక్తం పలచబడే మందులు, ప్రొస్టేట్ చరిత్ర అన్నీ చూసి తీసుకోవాల్సిన నిర్ణయం.

## కర్క్యుమిన్

పసుపుకు రంగు ఇచ్చే పదార్థం. వందలకొద్దీ ల్యాబ్ పరిశోధనల్లో దీనికి లేని గుణం లేదు, అసలు సమస్య కూడా అదే. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు దీని మీద ఒక పెద్ద సమీక్ష రాశారు. కర్క్యుమిన్ నిలకడ లేనిదని, పరీక్షనాళికలో అనేక రకాల పరీక్షలను తప్పుదారి పట్టించే గుణం దానికి ఉందని అందులో ఉంది. అంటే పనిచేయకపోయినా పనిచేసినట్టు కనిపించే అవకాశం ఎక్కువ.

మింగితే రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాల్లోని పైపరిన్ 20 మి.గ్రా. కలిపితే చేరిక 20 రెట్లు పెరిగిందని 1998లో చూపించారు. ఆ 20 రెట్లు అన్న మాటను డబ్బాల మీద గొప్పగా వేస్తారు. అత్యల్పానికి 20 రెట్లు అని వేయరు. పైపరిన్ ఆ పని చేసేది లివర్, పేగులు పరాయి పదార్థాలను వదిలించుకునే వ్యవస్థను నెమ్మదింపజేసి. అదే వ్యవస్థ మీరు వేసుకునే ఇతర మందులనూ వదిలిస్తుంది. వాటి మోతాదు కూడా రక్తంలో పెరగొచ్చు.

అల్జీమర్స్ ఉన్నవారిలో 24 వారాల పాటు రోజుకు 4 గ్రా. దాకా ఇచ్చిన పరీక్ష ఫలితం 2012లో వచ్చింది, మేలు లేదు. 2018లో వచ్చిన ఇంకో ఫలితం ప్రకారం, మతిమరుపు జబ్బు లేని 40 మందికి బాగా ఒంటబట్టే రూపంలో 90 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు 18 నెలలు ఇస్తే జ్ఞాపకశక్తి మెరుగైంది. ఆసక్తికరమే, కానీ 40 మంది మాట మీద ఏళ్ల తరబడి మాత్రలు మింగమని నేను చెప్పలేను.

పసుపు మాత్రల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. హెచ్ఎల్ఏ-బి*35:01 అనే జన్యు రకం ఉన్నవారిలో ముప్పు ఎక్కువ. వంటలో వాడే పసుపుకు ఈ భయం అక్కర్లేదు. ఒంటబట్టేలా మార్చిన గాఢమైన సారాల గురించే ఈ హెచ్చరిక.

## రెస్వెరట్రాల్, ఈజీసీజీ

ఈ రెండింటినీ త్వరగా ముగించవచ్చు.

రెస్వెరట్రాల్ పేరు ద్రాక్ష తొక్క వల్ల, రెడ్ వైన్ వల్ల పెరిగింది. వైన్‌లో ఉండేది లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు. 119 మంది అల్జీమర్స్ రోగులతో ఏడాది పాటు నడిచి, 2015లో ఫలితం వచ్చిన పరీక్షలో చివరి మోతాదు రోజుకు 2 గ్రా.; అంత వైన్ తాగడం ఎవరి తరమూ కాదు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ ప్రొటీన్ కొలత ఒకటి వెన్ను ద్రవంలో మారింది. మెదడు పరిమాణం మాత్రం ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే ఎక్కువగా తగ్గింది. దాని అర్థం ఏమిటన్నది చర్చలోనే ఉంది, కొనడానికి మాత్రం అది కారణం కాదు.

గ్రీన్ టీలోని ఈజీసీజీని మల్టిపుల్ సిస్టమ్ ఎట్రోఫీ అనే తీవ్రమైన జబ్బు ఉన్న 92 మందికి 48 వారాలు ఇచ్చారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం జబ్బు వేగంలో తేడా లేదు, కొందరిలో లివర్ దెబ్బతింది. సప్లిమెంట్లలో రోజుకు 800 మి.గ్రా. లేదా అంతకు మించి ఈజీసీజీ ఉంటే లివర్ ఎంజైములు పెరుగుతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. టీ తాగండి, తప్పులేదు. రక్తహీనత ఉంటే భోజనంతో పాటు తాగొద్దు, ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. మాత్రలు మాత్రం ఎవరికీ సూచించను.

## సల్ఫొరాఫేన్

పనిచేసే తీరు పరంగా నాకు అన్నింటికంటే నచ్చేది ఇదే. అణువు చిన్నది, బాగా ఒంటబడుతుంది, ఎన్‌ఆర్‌ఎఫ్2ను లేపడంలో దీన్ని మించిన ఆహార పదార్థం తక్కువ. బ్రకోలీలో ఇది నేరుగా ఉండదు. గ్లూకోరఫానిన్ అనే ముడిసరుకు, మైరోసినేజ్ అనే ఎంజైము వేరువేరుగా ఉంటాయి. కోసినప్పుడో నమిలినప్పుడో రెండూ కలిసి సల్ఫొరాఫేన్ పుడుతుంది. మూడు రోజుల మొలకల్లో ముదిరిన మొక్కకంటే 10 నుంచి 100 రెట్లు ముడిసరుకు ఉంటుందని 1997లో చూపించారు. బాగా ఉడికిస్తే ఎంజైము చచ్చిపోతుంది. ఉడికిన దాని మీద కాస్త ఆవపొడి చల్లితే ఆవాల్లోని మైరోసినేజ్ ఆ పని చేసిపెడుతుంది.

మాత్రల్లో అసలు చిక్కు ఇదే. గ్లూకోరఫానిన్ మాత్రమే ఉండి ఎంజైము లేకపోతే, మీ పేగుల్లోని బ్యాక్టీరియా దయ మీద ఆధారపడాలి, అది మనిషికీ మనిషికీ చాలా తేడా. లేబుల్ మీద రెండూ ఉన్నాయో లేదో చూడాలి. అల్జీమర్స్, పార్కిన్‌సన్స్‌లలో నమ్మదగిన పెద్ద ఫలితం దీనికి లేదు. కూరగాయగా తినడానికి దానితో పని లేదు, అంతకుమించి డబ్బు పెట్టడానికి ఉంది.

## కోఎంజైమ్ క్యూ10, జింకో, ఇంకా యూరేట్

క్యూ10 కథ అందరూ చదవాల్సింది. 2002లో 80 మంది పార్కిన్‌సన్స్ రోగుల పరీక్షలో 1200 మి.గ్రా. మోతాదు జబ్బును నెమ్మదింపజేసినట్టు కనిపించింది. 600 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2014లో వచ్చింది. 2400 మి.గ్రా. దాకా ఇచ్చినా ఏమీ లేదు, మధ్యలోనే ఆపేశారు. హంటింగ్టన్స్ జబ్బులో 609 మందితో చేసిందీ అలాగే ముగిసింది. పుట్టుకతో క్యూ10 తయారుకాని అరుదైన జబ్బులో మాత్రం ఇది నిజమైన మందు. మళ్లీ అదే, కొరత ఉన్నచోటే.

జింకోను 3069 మంది వృద్ధులకు సుమారు ఆరేళ్లు ఇచ్చారు. 2008లో వచ్చిన ఆ ఫలితంలో మతిమరుపు జబ్బు తగ్గలేదు.

యూరిక్ యాసిడ్ (యూరేట్) కూడా రక్తంలో ఉండే సహజ యాంటీఆక్సిడెంటే. అది ఎక్కువగా ఉన్నవారికి పార్కిన్‌సన్స్ తక్కువని గమనించి, 298 మందిలో, శరీరంలో యూరేట్‌గా మారే ఇనోసిన్‌తో దాన్ని కావాలని పెంచి చూశారు. జబ్బు నెమ్మదించలేదు, కిడ్నీ రాళ్లు పెరిగాయి. "ఇది ఎక్కువగా తీసుకునేవారికి ఆ జబ్బు తక్కువ" అనే వార్త చదివినప్పుడల్లా ఈ పరీక్షను గుర్తుచేసుకోవచ్చు.

## మీరు ఎవరైతే ఏం చేయాలి

షుగర్ ఉంది, అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు. ముందు బి12 పరీక్ష చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది, ఆ తిమ్మిర్లూ ఇలాగే ఉంటాయి, వాటికి యాంటీఆక్సిడెంట్ పనికిరాదు. షుగర్ అదుపు, థైరాయిడ్, మద్యం కూడా చూడాలి. ఇవన్నీ సరిచేశాక, నొప్పికి రాసిన మందులు సరిపడకపోతే, డాక్టర్‌కు చెప్పి లిపోయిక్ యాసిడ్ 600 మి.గ్రా. రెండు మూడు నెలలు వాడి చూడటం సబబే. తేడా లేకపోతే ఆపేయండి. "నరాల బలం" మాత్రల్లో లిపోయిక్ యాసిడ్‌తో పాటు బి6 ఎంత ఉందో చూడండి. బి6 ఎక్కువైతే అదే నరాలను దెబ్బతీస్తుంది. పెద్దవారికి రోజుకు 12 మి.గ్రా. మించొద్దని యూరప్ సంస్థ 2023లో పరిమితి పెట్టింది. చాలా మాత్రల్లో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇంట్లో ఒకరికి అల్జీమర్స్ అని తేలింది. ఈ జాబితాలో మాట్లాడదగినది విటమిన్ ఇ ఒక్కటే. అది కూడా తేలికపాటి, మధ్యస్థ దశలో, రక్తం పలచబడే మందు లేనప్పుడు, నిపుణుడి పర్యవేక్షణలో. ఆశించాల్సింది పనుల్లో కొంత ఆలస్యం; పోయిన జ్ఞాపకాలు తిరిగి రావడం కాదు. పక్షవాతం వచ్చినవారికి, తరచూ కిందపడేవారికి నేనైతే వద్దంటాను.

పార్కిన్‌సన్స్. విటమిన్ ఇ, క్యూ10, యూరేట్ మూడూ పెద్ద పరీక్షల్లో విఫలమయ్యాయి. మాత్రలకు పెట్టే డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

ఆరోగ్యంగానే ఉన్నాను, ముందుజాగ్రత్తగా ఏదైనా వేసుకోవాలనుంది. వీటిలో దేనికీ మీ విషయంలో రుజువు లేదు. 2023లో 3562 మంది మీద వచ్చిన కోకో ఫ్లవనాల్ పరీక్షలో మొత్తం మీద చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. తిండి బాగాలేని వారిలో మాత్రం జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. తిండి ఇప్పటికే బాగుంటే మాత్ర కలిపేదేమీ ఉండకపోవచ్చు. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో మతిమరుపు జబ్బుకు మార్చుకోగల 14 కారణాలను లెక్కకట్టి, వాటిని సరిచేస్తే దాదాపు 45 శాతం కేసులు తప్పించవచ్చో వాయిదా వేయవచ్చో అని చెప్పింది. అందులో బీపీ, షుగర్, వినికిడి లోపం, పొగ, ఒంటరితనం ఉన్నాయి. యాంటీఆక్సిడెంట్ మాత్ర లేదు. వినికిడి పరీక్ష వాయిదా వేస్తూ రెస్వెరట్రాల్ కొనేవారు వరస తారుమారు చేస్తున్నట్టే.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నారు. మీ ఆంకాలజిస్ట్‌కు చెప్పకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. కణాన్ని కాపాడే ఎన్‌ఆర్‌ఎఫ్2నే కొన్ని కణుతులు తమ రక్షణకు వాడుకుంటాయి. బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు పనిని ఈజీసీజీ అడ్డుకుంటుందని ల్యాబ్‌లో, జంతువుల్లో తేలింది.

## ఎంచుకున్నాక

ఒకసారి ఒక్కటే మొదలుపెట్టండి. నాలుగు కలిపిన మాత్ర వేసుకుంటే మేలు దేనివల్లో, దద్దుర్లు దేనివల్లో తెలియదు. మొదలుపెట్టే ముందు బాధకు 10కి ఎంత మార్కులో రాసి పెట్టుకోండి. నెల తర్వాత అదే ప్రశ్నకు మళ్లీ రాయండి. జ్ఞాపకాన్ని నమ్మొద్దు, డబ్బు పెట్టిన చోట మనసు మేలునే చూపిస్తుంది. ఆపరేషన్ ఉంటే విటమిన్ ఇ, జింకో, కర్క్యుమిన్ వాడుతున్నట్టు సర్జన్‌కు, మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో వారే చెబుతారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఆకలి చచ్చిపోయినా ఆ రోజే ఆపి లివర్ పరీక్ష చేయించుకోండి.

తిమ్మిరి రెండు పాదాల్లోనూ నెమ్మదిగా, ఏళ్ల తరబడి పైకి పాకితే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. ఒక్క చేయో ఒక్క కాలో హఠాత్తుగా మొద్దుబారినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, నడుము కింద తిమ్మిరితో పాటు మూత్రం పట్టు తప్పినా ఏ మాత్ర మంచిదని వెతక్కుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.